ముప్పై అని రాసిన పిల్లలు

కోటయ్య మాస్టారు పోయిన సంగతి నాకు అప్పటికే తెలుసు. మళ్ళీ ఫోన్ మోగితే అవతల వాళ్ళమ్మాయి సునీత. "అక్కా, ఆదివారం నాన్నగారి పెద్దకర్మ. భోజనాలయ్యాక బడి దగ్గరే సంస్మరణ సభ పెడుతున్నాం. నువ్వు కూడా నాలుగు మాటలు మాట్లాడాలి," అంది. ఏం మాట్లాడమంటావే అని అడిగాను. "మిరపచేలో గళ్ళ కథ ఉంది కదా, అది చెప్పక్కా. నాన్నగారు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉండేది. అప్పుడు నువ్వక్కడే ఉన్నావు కాబట్టి నువ్వు చెబితేనే బాగుంటుంది." రేపు చెబుతానని పెట్టేశాను. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. నెత్తి సగానికి పైగా నెరిసింది, రిటైర్మెంటు దగ్గరపడుతోంది, అయినా ఆ కథ పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ కథ ఆయనది కాదు. అంకమ్మ అనే పిల్లదీ, దానితోపాటు వరండాలో కూర్చున్న అయిదో తరగతి పిల్లలదీ. వాళ్ళ దగ్గర దాన్ని తీసుకుని, వాళ్ళని మాత్రం అందులోంచి తీసేసి, మాస్టారు జీవితాంతం చెప్పుకున్నారు.

మాది పెదకాకాని. గుడి ముందు కొబ్బరికాయల కొట్టు నడుపుకునే ఇల్లు. కర్పూరం వాసనలో, కొబ్బరిపీచు దుమ్ములో పెరిగాను. పొలమంటే నాకు బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చదనం, అంతే. టీచరు ఉద్యోగం వచ్చి, పర్చూరు అవతల ఒక పల్లెలో వేశారని తెలిసినప్పుడు అమ్మ ఏడ్చింది, నాన్న కొత్త గొడుగు కొనిచ్చాడు. ఆ గొడుగు, ఒక ట్రంకు పెట్టె పట్టుకుని బస్సు దిగేసరికి అప్పుడే వాన వెలిసింది. నల్లరేగడి సంగతి నాకేం తెలుసు? కాస్త దూరం నడిచేసరికి చెప్పులు ఒక్కొక్కటీ ఇటుకంత బరువయ్యాయి. అడుగు తీసి అడుగు వెయ్యలేక నిలబడిపోతే, పంచె పైకి కట్టుకున్న ఒక పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చి నా చేతిలో పెట్టె అందుకున్నారు. "చెప్పులు చేత్తో పట్టుకో అమ్మాయ్. ఈ ఊళ్ళో వానాకాలం చెప్పులు కాళ్ళకి కాదు, చేతులకి," అన్నారు. ఆయనే మా బడి హెడ్మాస్టరు కోటయ్యగారు. ఒక్కదానివి ఎక్కడుంటావు, మా ఇంట్లో పక్కగది ఖాళీగానే ఉందని అప్పటికప్పుడే ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన భార్య రాజ్యంగారు కాళ్ళకు అంటిన మట్టి వదిలేదాకా చెంబుతో నీళ్ళు పోస్తూనే ఉన్నారు. ఆవిడ నాకు ఆ పూట నుంచే పిన్నిగారయ్యారు.

ఆ ఇంట్లో తెల్లవారడమంటే వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న చప్పుడు. పిన్నిగారు ముగ్గు వేసి, దాలిలో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేవారు. పిడకల పొగ, ఎర్రగా కాగిన పాల వాసన, అటక మీద ఏడాదికి దాచుకున్న ఎండుమిరపకాయల ఘాటు అన్నీ కలిసి ఇల్లంతా ఉండేవి. కొత్తలో తుమ్మని పూట లేదు. అప్పట్లో తొమ్మిదో తరగతి చదువుతున్న సునీత రెండు జడలూ ఊపుకుంటూ, "అక్క తుమ్మిందంటే అమ్మ తాలింపు వేసినట్టే," అని ఏడిపించేది. మాస్టారు సాయంత్రం వసారాలో పడక్కుర్చీ వేసుకుని రేడియోలో వ్యవసాయ కార్యక్రమం వినేవారు. వాళ్ళు చెప్పే ప్రతి మందుకీ "ఆఁ, చల్లు, చల్లు," అని వెటకారం చేసేవారు. తిన్న కంచం తనే కడుక్కునేవారు. ఆ ఊళ్ళో అలాంటి మగమనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఇంకో అలవాటు కూడా ఉండేది ఆయనకి. మర్చిపోకూడని పని ఏదైనా ఉంటే కండువా కొసకి ఒక ముడి వేసుకునేవారు. పని అయ్యాకే విప్పేవారు. ముడి వేశారంటే ఆ పని అయినట్టేనని ఇంట్లో అందరికీ నమ్మకం. "నీ బల్లల సంగతి ముడేశానమ్మాయ్," అంటే చాలు, బల్లలు వచ్చేవి. మా నాన్నకి రాసే ఉత్తరాల్లో, ఇక్కడ నాకు ఇంకో నాన్న దొరికాడని రాశాను. అది చదివి నాన్న కాస్త చిన్నబుచ్చుకున్నాడట కూడా.

బడిలో నాకు అయిదో తరగతి ఇచ్చారు. గదులు చాలక మా క్లాసు వరండాలో. పిల్లలంతా చిన్న రైతుల ఇళ్ళవాళ్ళూ, మిరప, పత్తి చేలకి కూలికి వెళ్ళేవాళ్ళ బిడ్డలూ. వైశాల్యం పాఠం వచ్చినప్పుడు, పొడవును వెడల్పుతో హెచ్చవేయండి అని వల్లె వేయించనే కూడదని పట్టుబట్టాను. అలా నేర్పితే జవాబు వస్తుంది గానీ, వైశాల్యమంటే ఏమిటో పిల్లలకి రాదు. నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీసి, ఇళ్ళ నుంచి చింతగింజలు తెమ్మని, గడికొక గింజ పెట్టించాను. ఎన్ని గళ్ళు నేలను కప్పితే అంత వైశాల్యం అని చెప్పాను. అంకమ్మ మాత్రం గింజని గడి మధ్యలో పెట్టకుండా గీతలు రెండూ కలిసిన చోట పెట్టేది. "లోపల పెట్టవే," అంటూ నేనే వేలితో లోపలికి జరిపేదాన్ని. అది నా మొహంలోకి ఒకసారి చూసి ఊరుకునేది. చాలా తెలివైన పిల్ల. జవాబు చెప్పేముందు కింది పెదవి కొరుక్కునేది. ఏడో తరగతి దాకా చదివి మీలాగే టీచర్నవుతానండీ అనేది. ఏడు గట్టెక్కితే టీచరైపోవచ్చని దాని లెక్క. అలా అన్నప్పుడల్లా అవుతావులేవే అనేదాన్ని, నిజంగానే అవుతుందనుకుని.

ఆ ఏడు మొదటి పరీక్షలకి లెక్కల పేపరు మండలాఫీసు నుంచే వచ్చింది. దిద్దడానికి అక్కణ్ణుంచి ఒక అధికారే స్వయంగా వచ్చారు. పేపర్లో గళ్ళు గీసి, వాటి మీద ఒక దీర్ఘచతురస్రం వేసి, దీని వైశాల్యం ఎన్ని చదరపు యూనిట్లు అని అడిగారు. పొడవున అయిదు గళ్ళు, వెడల్పున నాలుగు. జవాబు ఇరవై. కిరాణా కొట్టువాళ్ళబ్బాయి ఒక్కడు ఇరవై రాశాడు. మిగతా క్లాసంతా ముప్పై రాసింది. ఆయన కాగితాలు బల్ల మీద పరిచి నన్ను పిలిచారు. "చూడమ్మా టీచరమ్మా, తప్పు రాసేవాళ్ళు తలో తప్పూ రాస్తారు. చుట్టుకొలత అనుకుని పద్దెనిమిది రాస్తే నాకు అర్థమవుతుంది. ఈ ముప్పై ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఎవరో ఒకళ్ళు చెబితే తప్ప అందరికీ ముప్పై ఎలా వస్తుంది?" ఆ ముప్పై ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకూ అర్థం కాలేదు. ఆయన అంకమ్మని నిలబెట్టారు. ఎవరు చెప్పారే అంటే, "ఎవురూ చెప్పలేదండీ, లెక్కపెట్టానండీ," అంది పెదవి కొరుక్కుంటూ. "ఎక్కడున్నాయే ముప్పై? కాపీ కొట్టిందిగాక మళ్ళీ అబద్ధమా?" అని గద్దించారు. క్లాసుకి క్లాసు కాపీ కొట్టినట్టు, టీచరే జవాబు అందించినట్టు తేల్చి, సోమవారం ఆఫీసుకి వచ్చి సంజాయిషీ ఇచ్చుకోమన్నారు. మాస్టారు పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

మర్నాడు అంకమ్మ వాళ్ళ నాన్న బడికొచ్చాడు. వరండా కిందే నిలబడి, "ఏందమ్మా, మా పిల్ల దొంగరాతలు రాసిందంటగా? ఊరంతా అనుకుంటన్నారు. దొంగ అనిపించుకోడానికా నేను బడికి పంపింది? అవతల నాట్లకి మనుషులు చాలక చస్తన్నాం," అన్నాడు. కాపీ కొట్టలేదయ్యా, సోమవారం దాకా ఆగు, నేను తేలుస్తానని బతిమాలాను. "తేలిస్తే పంపుతా. లేకపోతే లేదు," అని కూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. నా ఉద్యోగం మొదటి ఏడే మచ్చ పడుతోందన్న భయం నాకు లేకపోలేదు. కానీ అంతకంటే ఆ పిల్ల వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళడం నన్ను తినేసింది.

ఆదివారం మాస్టారి చేలో మిరప నాట్లు. పిన్నిగారు అన్నం గంప ఎత్తుకుంటే నేను మజ్జిగ బిందె పట్టుకుని వెంట వెళ్ళాను. నాట్లు వేసే చేను దగ్గర నుంచి చూడడం నాకదే మొదలు. దున్నిన నేల మీద అచ్చు తోలి ఉంది. పొడవాటి కొయ్యకి సమానమైన ఎడంలో పళ్ళు బిగించిన పనిముట్టది. దాన్ని ఎద్దులకి కట్టి ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా లాగుతారు. చేనంతా గళ్ళే, అచ్చం మా లెక్కల పేపరులాగే. ఆ గీతలు రెండూ కలిసిన ప్రతి చోటా ఒక మొక్క నాటుతారు. అంకమ్మ నారుకట్ట చంకన పెట్టుకుని ఒక్కో కలయిక దగ్గర ఒక్కో మొక్క పడేస్తూ పోతుంటే వెనక ఆడవాళ్ళు నాటుకుంటూ వస్తున్నారు. గడి మధ్యలోకి ఒక్క మొక్కా పడడం లేదు. నేను బిందె గట్టు మీద పెట్టి, పుల్ల తీసుకుని, నేల మీద అడ్డం అయిదు, నిలువు నాలుగు గళ్ళు గీసి దాన్ని పిలిచాను. "ఇందులో ఎన్నే?" అన్నాను. వేలితో కలయికలు తాకుతూ లెక్కపెట్టింది. "ముప్పై అండీ. ఇటు ఆరు, అటు అయిదు. చివర సాలు వదిలేస్తే మేస్త్రి తిడతాడు కదండీ," అంది. "మరి గీతల మధ్యలో ఏముందే?" అని అడిగాను. అది నన్ను వింతగా చూసింది. "మద్దెలో ఏముంటదండీ? ఏమీ ఉండదు. కాళీ నేల."

ఆ ఖాళీ నేలే వైశాల్యమని వాళ్ళకి ఎవరు చెప్పారు? పుస్తకం చెప్పలేదు, చింతగింజలతో నేనూ చెప్పలేకపోయాను. గళ్ళు కనిపిస్తే ఆ చేతులు వాటంతట అవే కలయికల మీదికి పోతాయి. ఎవరి బుర్రతో వాళ్ళు, ఎవరి చేత్తో వాళ్ళు లెక్కపెట్టే ఆ క్లాసంతా ముప్పై రాసింది. పుట్టి బుద్ధెరిగాక చేలో కాలు పెట్టని కొట్టువాళ్ళబ్బాయి ఒక్కడికే ఇరవై వచ్చింది. నాకు ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. పరుగెత్తుకెళ్ళి గట్టు మీదున్న మాస్టారికి చెప్పాను. ఆయన ముందు అర్థం కానట్టు చూసి, తర్వాత తొడ చరుచుకుని పకపకా నవ్వారు. "ఓసి నీ అసాధ్యం కూలా! పుట్టినకాడి నుంచి అచ్చు తోలుతున్నా, నాకు తట్టలేదే! కాపీ కాదు, పాడూ కాదు, మొక్కలు లెక్కెట్టారు వెధవలు!" అన్నారు. రేపు ఆఫీసులో మీరే చెప్పండి మాస్టారూ, నా మాటైతే ఆయన వినరన్నాను. "నీకెందుకమ్మాయ్, నేను చెబుతాగా," అని కండువా కొస పట్టుకుని నా కళ్ళముందే ముడి వేశారు. అంకమ్మ కూడా చూసింది. ఆ పూట పిన్నిగారు కలిపిచ్చిన గోంగూర అన్నం తిన్నంత తృప్తిగా నేను మళ్ళీ ఎప్పుడూ తిన్నట్టు గుర్తులేదు.

సోమవారం ఇద్దరం బస్సెక్కి వెళ్ళాం. ఆ అధికారి ఏదో చిరాకులో ఉన్నారు. ఏమ్మా, ఏం చెప్పుకుంటావు అన్నారు. మొదట నేనే మొదలుపెట్టాను. అచ్చు, మొక్కలు, కలయికలు అంటుంటే ఆయన మధ్యలోనే చెయ్యి అడ్డంపెట్టి, "లెక్కల పరీక్షకీ మిరప మొక్కలకీ ఏంటమ్మా సంబంధం? నాతో పరాచికాలా?" అని కేకేశారు. నేను మాస్టారి వైపు తిరిగాను. మీరు చెప్పండి మాస్టారూ అన్నాను. ఆయన చూపు నా మీద నుంచి బల్ల మీదికి, బల్ల మీద నుంచి ఆ అధికారి మొహం మీదికి వెళ్ళింది. "అమ్మాయి బాధలో ఏదో మాట్లాడుతోందండీ. మనసులో పెట్టుకోకండి," అన్నారు. నేను విన్నది సరిగ్గా విన్నానా అనుకునేలోపే చేతులు జోడించి, "కొత్త కదండీ, చిన్నపిల్ల. పిల్లలు ఫెయిలవుతారేమోనన్న భయంతో కాస్త సాయం చేసుంటుంది. ఈ ఒక్కసారికి క్షమించండి. ఆ క్లాసు ఇకనుంచి నేనే చూసుకుంటాను," అన్నారు. అధికారి మెత్తబడ్డారు. మీలాంటి పెద్దలు ఉండబట్టి సరిపోయింది అన్నారు. టీ తెప్పించారు. మాస్టారు తాగారు. ఆదివారం నేను చెప్పింది అర్థం కాకపోయుంటే ఆయన్ని క్షమించేదాన్ని. అర్థమై, తొడ చరుచుకుని నవ్వి, ముడి వేసి మరీ అలా అన్నారు.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. "ఉద్యోగం నిలబడింది, అదే పదివేలు. పెద్దవాళ్ళతో వాదించి గెలిచినవాళ్ళెవరమ్మాయ్," అని ఆయన నచ్చజెబుతూనే ఉన్నారు. చెబుతూనే కండువా కొస చేతిలోకి తీసుకుని, ముడి గట్టిగా బిగుసుకుపోయిందేమో, పంటితో లాగి విప్పారు. పని అయిపోయినట్టు దాన్ని దులిపి భుజాన వేసుకున్నారు. బస్సు దిగేచోట పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. అంకమ్మ అందరికంటే ముందుకొచ్చి ఆయన్నే అడిగింది. "చెప్పారాండీ?" ఆయన దాని తల నిమిరారు. "చెప్పాలేవే," అన్నారు. చెప్పలేదే అంకమ్మా, అన్నాను నేను. పిల్లలందరూ వినేలా అన్నాను. ఆ పిల్ల ఆయన కండువా కొస వైపు చూసింది. ముడి లేదు. నా మాటని నమ్మాలో, విప్పిన ముడిని నమ్మాలో తెలియక అలాగే నిలబడిపోయింది. వాళ్ళ నాన్నకి మాత్రం ఏ అనుమానమూ లేకపోయింది. హెడ్మాస్టరే క్షమాపణ అడిగి వచ్చాడంటే దొంగతనం నిజమేగా అన్నాడు. నేను వాళ్ళింటికి ఎన్నిసార్లు వెళ్ళినా అంకమ్మ చేలోంచి బడికి రాలేదు. తర్వాత ఏడాది వాళ్ళు చీమకుర్తి రాళ్ళ క్వారీల వైపు పనికి వెళ్ళిపోయారు.

అయిదో తరగతి నా దగ్గర నుంచి పోయింది. ఒకటో తరగతి ఇచ్చారు. మాస్టారు వరండాలో పిల్లలచేత పొడవు, వెడల్పు, హెచ్చవేత అని గొంతులు చించుకునేలా వల్లె వేయించారు. తర్వాతి పరీక్షలో అందరూ ఇరవయ్యే రాశారు. అందరిదీ ఒకే జవాబు. అప్పుడు కాపీ అని ఎవరూ అనలేదు. నేను ఆ ఇంటి గది ఖాళీ చేసి, ఊళ్ళో ఒక ముసలమ్మగారి వసారాలోకి మారాను. పిన్నిగారు మాత్రం సాయంత్రాలు ఏదో ఒక కూర గిన్నె పట్టుకుని వచ్చేవారు. "ఆయన మనసు మంచిదేనమ్మా, భయస్తుడు," అని అక్కడే కూర్చుని కళ్ళొత్తుకునేవారు. ఆవిడ మీద నాకెప్పుడూ కోపం లేదు.

వేసవిలో పర్చూరులో టీచర్లకి శిక్షణ పెట్టారు. బట్టీలు వద్దు, పనుల ద్వారా నేర్పాలని చెప్పే శిక్షణ. మీ అనుభవాలు చెప్పండని అడిగితే కోటయ్య మాస్టారు లేచి వేదిక ఎక్కారు. "ఒకసారి మా చేలో నాట్లు వేస్తుంటే నేనొక విషయం గమనించానండీ," అని మొదలుపెట్టారు. అచ్చు, గళ్ళు, కలయికలు, చివర సాలు వదిలేస్తే మేస్త్రి తిట్టడం, మధ్యలో కాళీ నేల అంతా చెప్పారు. అంకమ్మ నోటి మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆయన నోట వింటూ కూర్చున్నాను. హాలంతా చప్పట్లు. ముందువరసలో ఆ అధికారి కూడా చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి, "ముప్పై రాసినందుకు ఆ పిల్లల్ని ఏమన్నారో అదీ చెప్పండి మాస్టారూ," అన్నాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. నన్ను చూపించి, "ఈ అమ్మాయి మా బడే. మా ఇంట్లో పిల్లలాగా పెరిగింది," అని మురిసిపోయారు. నాకూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య ఏం మాట్లాడినా వినబడదని తెలిసి బయటికి నడిచాను. ఆ ఏడే బదిలీ పెట్టుకున్నాను.

తర్వాత ఎన్నో బళ్ళు తిరిగాను. ఇప్పుడు పిల్లల జవాబులు ఫోన్లోనే టిక్కు పెట్టి పంపాలి. తప్పైతే తప్పు, ఒప్పైతే ఒప్పు. ఆ తప్పు ఎందుకు చేశాడో రాయడానికి అందులో చోటు లేదు. నేను మాత్రం ఒకే తప్పు నలుగురు చేస్తే నలుగుర్నీ పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా లెక్కపెట్టారో వేలితో చూపించమంటాను. మొన్నీమధ్య ఆ దారిన వెళుతూ చూశాను, మిరపచేలలో అచ్చు కూడా లేదు. మట్టి ఎత్తుగా పోసిన బోదెల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, ముందే చేసిన రంధ్రాల్లో నారు పెడుతున్నారు. ఇక ఏ పిల్లా ఇరవైకి బదులు ముప్పై అని రాయదు. అలా రాసినవాళ్ళని దొంగలన్న సంగతి కూడా ఎవరికీ గుర్తుండదు, పర్చూరు శిక్షణలో మాస్టారు ఆ కథ అంత అందంగా చెప్పాక.

చెప్పినట్టే మర్నాడు సునీతకి ఫోన్ చేశాను. నేను మాట్లాడకముందే అది అందుకుంది. "వస్తున్నావు కదక్కా? నాన్నగారు చివరిదాకా నిన్ను తలుచుకునేవారు. ఆ అమ్మాయి ఉద్యోగం పోకుండా నేనే కాపాడాను అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు." ఆ మనిషి అది నిజమని నమ్ముకునే పోయాడన్నమాట.

"వస్తానే. ఆ కథే చెబుతాను," అన్నాను. "కానీ అంకమ్మ దగ్గర్నుంచి మొదలుపెడతాను. ముప్పై రాసినందుకు దాన్ని దొంగ అన్నారని చెబుతాను. కాదని ఆ ఆఫీసు గదిలో ఇద్దరికి తెలుసని చెబుతాను. నేను చెప్పబోతే ఆ రెండోవాళ్ళు చేతులు జోడించి నా తరఫున క్షమాపణ అడిగారని చెబుతాను. అది వినడానికి నీకు ఇష్టమైతే పిలువు."

అవతల పెద్దకర్మ పనులకు వచ్చినవాళ్ళ మాటలు, గిన్నెల మోతా వినిపిస్తున్నాయి.

"అక్కా," అంది సునీత, చిన్నప్పటి గొంతుతో. "నాన్నగారి కథలో అంకమ్మ అని ఎవరూ లేరే?"

"తెలుసమ్మా," అన్నాను.